గొంతు మాత్రమే వెళ్లే ఊళ్లు

నాగవల్లికి లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. కూతురు చందన కూడా తనలాగే, ఏ దేశమూ 'నా మనిషి' అనని మనిషిగా మిగిలిపోతుందని. పాముకి భయపడదు, వరదకి భయపడదు, అత్తగారి నోటికైతే అసలే భయపడదు. కానీ కౌంటరు అవతల కూర్చున్నవాళ్లు చెయ్యి చాచి "కార్డు?" అన్నారంటే చాలు, ఇరవై ఏడేళ్ల మనిషికి అరికాళ్లు చల్లబడిపోతాయి.

ఆ మంగళవారం మధ్యాహ్నం ఆమె బట్టల బీరువాలో కూర్చుని ఇంగ్లండు చూపిస్తోంది.

బీరువాలో అంటే నిజంగా బీరువాలోనే. కింది అర ఊడదీసి, వేలాడే చీరలూ మొగుడి చొక్కాలూ చెవులకు తగిలేలా ముడుచుకుని కూర్చుంటే గొంతు గోడలకు కొట్టుకోదు. మోకాళ్ల మీద దిండు, దిండు మీద ఫోను, నోటికి జానెడు దూరం. బంటింగ్‌లో కౌలాలంపూర్ విమానాశ్రయానికి దగ్గరగా ఉన్న వాళ్ల ఫ్లాటు మీదుగా విమానాలు దిగుతుంటాయి. ఒక్కొక్కటీ పోయేదాకా నోరు మూసుకుని ఆగాలి. కింద వీధిలో మోటారుసైకిలు పోయినా ఆగాలి. అత్తగారు నరసమ్మ వంటింట్లో మిక్సీ వేస్తే మాత్రం ఆగక్కర్లేదు, అరిస్తే చాలు.

ఉమక్కకి క్లాంగ్‌లో చిన్న టూరు కంపెనీ ఉంది. సినిమాల్లోనూ పాటల్లోనూ కనబడే ఇంగ్లండు పల్లెలకు మనవాళ్లను తీసుకెళ్లడం దాని ప్రత్యేకత. పదకొండు రోజులు, పన్నెండు చోట్లు. బస్సు ఆగిన ప్రతిచోటా ప్రయాణికులు చెవిలో పెట్టుకుని వినే మాటలు నాగవల్లివి. పేరిచ్చినవాళ్ల ఫోన్లకు ఉమ వాటిని నెలల ముందు నుంచే పంపుతుంటుంది. ఉమ ఆ పాటల వీడియోలు పంపుతుంది, ఇంగ్లీషులో ఉన్నదాన్ని చదివి సారం చెబుతుంది. నాగవల్లి ఆ పాటను ఆపి ఆపి చూసి, కళ్లు మూసుకుని, తాను పుట్టిపెరిగిన కొబ్బరితోట భాషలో దాన్ని చెబుతుంది. ఆరో తరగతితో ఆగిపోయిన చదువు ఆమెది. చదివి చెప్పడం రాదు కాబట్టి చూసి చెప్పడం వచ్చింది.

"ఇదిగో, బస్సు దిగినారు కదా. తొందరపడకండి. ఎదురుగా రాళ్ల గోడ ఉంది సూడండి. సున్నం లేదు, సిమెంటు లేదు. తోటలో కొబ్బరి డొక్కలు పేర్సినట్టు ఒకదాని మీద ఒకటి పేర్సినారు, అంతే. ఈ గోడ పక్కనే పాటలో గులాబీ సీర కట్టుకున్న పిల్ల పరిగెడతాది. మనం పరిగెత్తొద్దు. సీర మనదే, మోకాళ్లు కూడా మనయే."

అంతలో ఫోను మోగింది. ఉమక్క.

"వల్లీ, ఏటి సేత్తన్నావ్? బీరువాలోనే ఉన్నావా? ఇను. టూరుతో ఎల్లాల్సిన ఇళంగోవన్‌కి డెంగీ. ఆస్పత్రిలో సేర్సినారు. ఆదివారం పొద్దున ఫ్లైటు."

"అయ్యో. మరెలగక్కా?"

"ఎలగేటి, నువ్వే ఎల్తన్నావ్. కౌలాలంపూర్ తెలుగు సంఘం సీతారామయ్యగారు పట్టుబట్టినారు. ఆ గొంతు పిల్లనే పంపు, ఫోను వొద్దు, మనిషి కావాల అంటన్నారు. ఇరవై రెండు మందీ అదే మాట. నీ పాస్‌పోర్టు ఫొటో తీసి రేపు పంపించు. పిల్లని మీ అత్త సూసుకుంటాది కదా?"

బీరువాలో గాలాడలేదు. కాదు అనడానికి నోరు తెరిస్తే వచ్చిన మాట ఇంకొకటి. "సరే అక్కా."

ఫోను పెట్టేశాక కూడా ఆమె చాలాసేపు చీరల మధ్య అలాగే కూర్చుంది. ఎవరైనా అడిగితే సరే అనేయడం, తర్వాత తప్పించుకు తిరగడం: కార్డు లేనివాళ్లు చిన్నప్పుడే నేర్చుకునే విద్య అది. బడిలో విహారయాత్రకు పేరిచ్చేటప్పుడు కూడా ఆమె సరే అనే అంది. బస్సెక్కే రోజు జ్వరం తెచ్చుకుంది.

సాయంత్రం భర్త శ్రీకుమార్ ఫ్యాక్టరీ బస్సు షెడ్డులో పెట్టి వచ్చేసరికి ఆమె అన్నం వడ్డించి, తాను తినకుండా గోడకు ఆనుకుని ఉంది. సంగతి విని అతను ముద్ద చేతిలోనే ఉంచుకున్నాడు.

"సెప్పెయ్‌లా. నాను పౌరురాలిని కాదక్కా, పాస్‌పోర్టు ఇవ్వరు అని సెప్పెయ్. అందులో నీ తప్పేటుంది?"

"నీకేటి మావా. పౌరుల నీలం కార్డు జేబులో ఏసుకుని ఎవులికైనా ఏదైనా సెప్తావ్. తెలిస్తే ఉమక్క ఇంక నాకు పని ఇస్తాదా? ఆ నోటా ఈ నోటా బడి దాకా పోదా? పెద్దటీచరు పిల్ల కాగితాల కోసం జనవరి దాకా ఆగుతానన్నాది. అందరికీ తెలిసిపోయినాక కూడా ఆగుతాదా?"

"అప్పుడే ఆఫీసుకెళ్లి పెళ్లి సంతకం పెట్టేసుంటే..." అని అతను మొదలుపెట్టి, తల్లి వైపు చూసి మానేశాడు.

నరసమ్మ వినకుండా ఉంటుందా. "ఆ మాట నన్నే కదరా అంటన్నావ్? గుడిలో రాములోరి ముందు తాళి కట్టినాక మళ్లా పెళ్లేటి? కడుపుతో ఉన్న పిల్ల రెండోసారి పెళ్లికి సంతకం పెడితే నలుగురూ ఏటనుకుంటారు? కడుపులో బిడ్డకి మంచిదేటి? నాకేటి తెలుసు, కాగితం తాళికన్నా గట్టిదని?" అని చేతిలో ఉన్న గరిటెను గిన్నెలో పెట్టింది. మళ్లీ తీయలేదు. ఆ పూట ఆమె కూడా తినలేదు.

ఆ సంతకం చందనకు రెండేళ్లు నిండాక పడింది. సంతకానికి ముందు పుట్టిన బిడ్డకు తండ్రి కార్డు రాదు, తల్లి ఎటో బిడ్డా అటే. తల్లి ఎటూ కాదు. నాగవల్లి బాగన్ దాతుక్ తోటలో కూలీల లైనింట్లో పుట్టింది. కన్నతల్లి బాలింతగానే పోయింది. తండ్రి అప్పడు ఆలస్యంగా వెళ్లి పేరు రాయించేసరికి, తల్లి ఎవరో రుజువేదని అడిగారు. ఇప్పుడు అప్పడూ లేడు, తోట అమ్ముడుపోయింది, లైనిళ్లు కూల్చేశారు, మనుషులు తలో ఊరూ పోయారు. ఈ నెల ముప్పైన ఆఫీసులో విచారణ. "నువ్వు పుట్టడం కళ్లారా చూసిన మనిషిని వెంట తీసుకురా, నా ఎదుట చెప్పాలి" అని అధికారి మర్యాదగానే చెప్పాడు. అలాంటి మనిషి కోసం శ్రీకుమార్ మూడు ఆదివారాలు బాగన్ దాతుక్ వెళ్లి, లైనిళ్లు కూల్చిన చోట ముళ్లకంపల్లో తిరిగి వచ్చాడు.

బుధవారం ఉమ రెండుసార్లు ఫోను చేసింది. నాగవల్లి ఎత్తలేదు. గురువారం మనిషే వచ్చింది, చంకలో నీలం రంగు చలికోటు పెట్టుకుని.

"నీ కొలత తెలియక పెద్దదే తెచ్చినాను. ఏసుకో, సూద్దాం. ఏటి, జ్వరమా? ముఖం అలగుంది?"

నాగవల్లి కోటు వేసుకుంది. వేసుకుని, జిప్పు గొంతుదాకా లాగి, ఆ లోపల నుంచి చెప్పింది. పాస్‌పోర్టు లేదని. ఎందుకు లేదో. నేల మీద బోర్లా పడుకుని రంగులు వేస్తున్న చందన వైపు చూడకుండా, గొంతు తగ్గించి, తప్పు చేసినదానిలా చెప్పింది.

ఉమ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. గోడ గడియారం వైపు చూసి, పెదవి కొరుక్కుని, "ముందే సెప్పాల కదా వల్లీ" అంది. తర్వాత వేళ్లతో మోకాలి మీద తాళం వేస్తూ ఆలోచించింది. "సరేలే. మా అన్న కూతురు భారతి ఖాళీగానే ఉంది. పాస్‌పోర్టుంది. దాన్ని పంపుతాను. నాగవల్లి అని సెప్పుకుంటాది."

"నా పేరుతోనా?"

"మాటిచ్చేసినాను కదా. గొంతు పిల్ల వత్తాది అని ఇరవై రెండు మందికీ సెప్పినాను. ఇప్పుడు లేదంటే గుంపు సెదిరిపోతాది. గొంతు ఎలాగూ నీదే, ఫోనులో నువ్వే మాట్లాడతావ్. పక్కన మనిషి నిలబడతాది, అంతే. నువ్వేటి పోగొట్టుకుంటన్నావ్?"

నాగవల్లి జిప్పు కిందికి లాగింది. సగంలో చిక్కుకుంది. ఉమ దగ్గరికొచ్చి, చంటిదానికి విప్పినట్టు విప్పి, మడిచి, మళ్లీ చంకలో పెట్టుకుంది.

శుక్రవారం భారతి వచ్చింది. ఇరవై ఏళ్ల పిల్ల, మంచిదే. ఇంట్లో తెలుగు వింటుంది, తమిళంలో జవాబిస్తుంది, ఇంగ్లీషులో నవ్వుతుంది. బీరువాను చూసి, "అయ్యో, క్యూట్‌లా అక్కా!" అంది. ఫోను తీసి ఒక్కో మాటా ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంది.

"అక్కా, డొక్కలు అంటే ఏంటి?"

"కొబ్బరికాయ వొలిసినాక మిగిలీది."

"ఓ. మరి పేర్చడం?"

నాగవల్లి అగ్గిపెట్టెలు తెచ్చి, ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించింది. ఆమె తాతలు గుట్టలుగుట్టలుగా చేసిన పని అది. భారతి తాను చెప్పుకోవాల్సిన పేరు మీద కూడా తడబడింది. "నా... గవల్లి. నాగవల్లి. కరెక్టేనా అక్కా?" తన పేరును మరొకరికి అరువిచ్చి, పలకడం కూడా తానే నేర్పడం ఎలా ఉంటుందో ఆ సాయంత్రం నాగవల్లికి తెలిసింది. చందన పక్కనే కూర్చుని, "అమ్మా, అక్క పేరు కూడా నీ పేరేనా?" అని అడిగితే, "అవునమ్మా, ఊరంతా అదే పేరు" అంది.

శనివారం పొద్దున్నే బంటింగ్‌లో ఒక అద్దె హాలులో ప్రయాణికుల సమావేశం. పొట్లాలు కట్టే పని నాగవల్లికి అప్పజెప్పింది ఉమ. "వెనక వంటగదిలోనే ఉండు, ముందుకు రావొద్దులా. ఒక్క రోజు." ఆమె స్టవ్ పక్కన బల్ల మీద మురుకులు సంచుల్లో నింపి, మూతి మెలిపెట్టి, రబ్బరు బ్యాండు వేస్తోంది. చందన ఒక్కో సంచి మీద పూల బొమ్మ అంటిస్తోంది. తలుపు ఓరగా ఉంది. మైకులో ఉమ గొంతు వినబడుతోంది.

"ఇదిగోనండీ, మీరు అడిగి అడిగి సంపేసిన పిల్ల. నాగవల్లి!"

చప్పట్లు. భారతి మైకు అందుకుంది. "అందరికీ వణక్కం... సారీ, నమస్కారం." నవ్వులు. సీతారామయ్యగారు అందరికన్నా ముందు చప్పట్లు కొట్టి, "మాట్లాడమ్మా, మాట్లాడు" అన్నారు.

ముందు వరసలోంచి ఒక ముసలి గొంతు లేచింది. "ఏదే పిల్లా, ఆ రాళ్ల గోడ మాట ఒక్కసారి సెప్పు. నా సెవులతో ఇంటాను."

భారతి ఫోను చూసుకుంది. చూసుకుని, "తోటలో కొబ్బరి... డొక్కలు... పేర్చినట్టు..." అని, దరఖాస్తు చదివినట్టు చదివింది.

"ఈ గుంట కాదు. ఈ పిల్ల ఆ పిల్ల కాదు," అంది ఆ ముసలి గొంతు.

"అదే పిల్లండీ పరమేశ్వరమ్మా, మైకులో గొంతు మారతాది కదా..." ఉమ నవ్వబోయింది.

"డెబ్బై ఆరేళ్లొచ్చినాయి, నాకు సెప్పకు. డొక్క మోసినోళ్ల పిల్ల ఆ మాట ఇలగ అనదు. ఆ గొంతు ఏదమ్మా? ఆ గొంతు కోసమే కదా నాను బాగన్ దాతుక్ నుంచి ఇంత దూరం వొచ్చినాను!"

వంటగదిలో చందన తలెత్తింది. "అమ్మా, నిన్నే..." అని గట్టిగా అనబోయింది. నాగవల్లి చెయ్యి దానంతట అదే లేచి పిల్ల నోరు మూసేసింది.

మురుకుల నూనె అంటిన చెయ్యి. ఆ చెయ్యి పైన రెండు కళ్లు, గుండ్రంగా. పిల్ల గింజుకోలేదు. మూసిన నోటితో, ఊపిరి ముక్కుతోనే మెల్లగా తీస్తూ, కదలకుండా నిలబడిపోయింది. ఎలా దాక్కోవాలో అప్పుడే, అక్కడే నేర్చేసుకున్నదానిలా. నాగవల్లి ఆ కళ్లు చూసింది. చెయ్యి తీసేసింది. కొంగుతో పిల్ల మూతి తుడిచి, చెయ్యి పట్టుకుని తలుపు తోసుకుని హాల్లోకి వచ్చింది.

"నాగవల్లిని నానే. ఆ గొంతు నాదే. నాకు పాస్‌పోర్టు లేదు. నీలం కార్డు లేదు. నాకూ లేదు, నా కూతురికీ లేదు. అందుకే రాలేదు."

ఎవరో పొట్లం విప్పుతున్నవాళ్లు విప్పడం ఆపేశారు. సీతారామయ్యగారు కళ్లజోడు తీసి, తుడవడానికి ఏమీ లేకపోయినా తుడుచుకున్నారు. భారతి మైకును రెండు చేతులతో పట్టుకుని ఎవరికివ్వాలో తెలియక నిలబడింది. ఉమ నేల చూసింది.

ముసలావిడ మాత్రం చెయ్యి ఊపింది. "ఇలగ రా. ఎవుల పిల్లవే నువ్వు?"

"అప్పడు కూతుర్ని. బాగన్ దాతుక్‌లో, కొబ్బరితోట."

"ఏ అప్పడు? కాలవ పక్క లైను అప్పడా? కాలు కొంచెం ఈడ్సి నడిసీవోడు?" ఆవిడ నాగవల్లి గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. "సన్నాసమ్మ కూతురివి. సెప్పకు, నాకు తెలుసు. నాలుగు నెలల నుంచి సెవిలో పెట్టుకుని ఇంటన్నాను, ఎవులిదీ గొంతు, ఎవులిదీ గొంతు అని. నాను ఆ తోటలో ఆయమ్మని. మీ తల్లులంతా కాయ కొట్టడానికి పోతే, పిల్లలందర్నీ ఆయాకొట్టాయిలో, ఆ పిల్లల పాకలో, ఏసుకుని సూసీదాన్ని. నీ పుటక రోజు వాన. కాలవ పొంగి, తోటలో వైద్యం సేసీ డ్రెస్సరు రాలేదు. నిన్ను పట్టుకున్నది నానే. ఈ సేతులే."

చుట్టూ "అయ్యో, అయ్యో" అని మొదలైంది. నాగవల్లి మాత్రం ఏడవలేదు. ఆమె నోట ఆ అధికారి అడిగే ప్రశ్నే వచ్చింది, ఆయన అడిగినట్టే. "మా అమ్మకి నీలం కార్డుండేదా?"

"లేకపోతే ఓటెలగేస్తాది? మేమిద్దరం ఒకే లారీ ఎక్కి ఎల్లి ఏసినాం. దారిపొడుగునా వాంతులు సేసింది, నువ్వు కడుపులో ఉన్నావ్."

అప్పుడు కూలబడింది నాగవల్లి. ఎవరో కుర్చీ జరిపారు. సంగతంతా తెలుసుకుని సీతారామయ్యగారు కళ్లజోడు పెట్టుకున్నారు. "ఇంకేం! ఈవిడ చేత ఇప్పుడే ఒక కాగితం రాయించి..."

"కాగితం కుదరదండీ. మనిషే రావాలన్నారు. ముప్పైన," అంది నాగవల్లి.

ఆ మాట హాలంతా ఒక్కసారి లెక్క వేసుకుంది. రేపు పొద్దున విమానం. ఇరవై అయిదున తిరిగి దిగుతారు. మధ్యలో పదకొండు రోజులు, చలికాలం, ఇంగ్లండు, డెబ్బై ఆరేళ్ల మనిషి.

పరమేశ్వరి అందరి ముఖాలూ చూసింది. "తోటలో నెలకొకసారి తెల్ల గుడ్డ కట్టి సినిమా ఏసీవోరు. ఆ ఊళ్లన్నీ గుడ్డ ఎనకాల ఉంటాయనుకునీదాన్ని. ఒకసారి ఎనక్కెళ్లి సూసినాను కూడా. దోమలున్నాయి." ఎవరో నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "సచ్చీలోగా ఆ గుడ్డ ఎనకాల ఏటుందో సూడాలని ఆశ. పిల్లలంతా కలిసి పంపుతన్నారు. అయినా నువ్వు ఉండిపో అంటే ఉండిపోతాను. నీ పిల్ల కన్నా నాకు పాటలో ఆ రాతి వంతెన ఎక్కువేటి? సెప్పు."

ఉండిపో. అంత చిన్న మాట. నాగవల్లి గొంతులోకి వచ్చి కూర్చుంది. చందన అరచెయ్యి ఆమె చేతిలో వెచ్చగా ఉంది. ఈ పిల్ల కోసం ఆమె ఎవరి కాళ్లయినా పట్టుకుంటుంది, ఎవరినైనా ఆపుతుంది. కానీ ఆ మాట తనతో ఎంతమంది అన్నారో ఆమెకు తెలుసు. బడి అంది, బ్యాంకు అంది, ప్రతి కౌంటరూ అంది, మర్యాదగానే అంది. ఆ మాట విన్నాక మనిషి ముఖం ఎలా మారుతుందో అద్దంలో చూసింది. ఈ ముసలి ముఖం మీద దాన్ని తన చేత్తో పెట్టలేకపోయింది.

"ఎల్లిరా ఆయమ్మా," అంది. "సూసొచ్చి నాకు సెప్పు."

ఇంటికొచ్చి అత్తగారికి సంగతి చెప్పీ చెప్పగానే ఆమె బీరువాలో దూరింది. పాత మాటలన్నీ చెరిపేసింది. వీడియోలన్నీ మళ్లీ మొదటి నుంచి పెట్టింది. ఇన్నాళ్లూ ఆ పాటల్లో చీరలు చూసింది, పూలు చూసింది, హీరో నవ్వు చూసింది. ఇప్పుడు నేల చూసింది. నాయిక అడుగు పెట్టిన ప్రతి మెట్టునూ ఆపి, పెద్దది చేసి, నాచుందా, అంచు అరిగిందా, పక్కన పట్టుకోవడానికి ఏమైనా ఉందా అని వెతికింది.

"రెండోచోటు. ఇక్కడ వంతెనకి పిట్టగోడ మోకాలెత్తే. ఫొటో కోసం ఎనక్కి జరగొద్దు ఆయమ్మా. మూడోచోటు. గుర్రపుశాల ముందు గుండ్రాళ్లు పరిసినారు, సన్నగా మంచు పడితే నూనె పోసినట్టుంటాది. భారతీ, ఆయమ్మ సెయ్యి వొదలకు. అయిదోచోటు. ఆ మేడలో మెట్లు కిందకి దిగినప్పుడు ఆఖరిది కనబడదు, ఒకటి ఎక్కువుందనుకో."

నరసమ్మ గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. మెట్ల మీద ఆడుకునే పిల్లల్ని అదిలించింది, ఎదురింటావిడ మాట్లాడడానికి వస్తే వేలు పెదవి మీద పెట్టింది. మధ్యలో ఒకసారి మాత్రం లోపలికి వచ్చి, బీరువా తలుపు కొంచెం తీసి, "మోకాళ్లకి వామునూనె రాసుకోమని సెప్పు. నా మాటగా సెప్పు," అని, కోడలి తల మీద ఒక క్షణం చెయ్యి వేసి వెళ్లిపోయింది. పొద్దు వాలేలోగా పన్నెండు చోట్లూ అయిపోయాయి. ఒక్కదాంట్లోనూ ఏ సినిమా పేరూ లేదు. ఉమ విని, "సరే, ఇదే పంపుతాను" అని మాత్రం జవాబు పెట్టింది.

వాళ్లిప్పుడు అక్కడే ఉన్నారు. ఇది చదివేవాళ్లలో ఎవరైనా ఆ వైపు పల్లెల్లో ఉన్నా, మీ పిల్లలో చుట్టాలో అక్కడ చదువుకుంటున్నా, ఒక్క పని చేసిపెట్టండి. రాతి వంతెన దగ్గరో, చిన్న రైలు స్టేషను దగ్గరో, చీర మీద మగవాళ్ల కోటు తొడుక్కున్న పొట్టి ముసలావిడ కనబడుతుంది. చెవిలో తీగ ఉంటుంది. పక్కన ఎవరూ లేకపోయినా "ఆఁ, ఇన్నాన్లే, దిగుతన్నాన్లే" అని గాలికి జవాబిస్తూ ఉంటుంది. పేరు పరమేశ్వరి. దగ్గరికి వెళ్లి, ఆయమ్మా, బాగున్నావా, కాళ్లు తడిశాయా అని అడగండి. కొంచెం ఆ మెట్టు దింపండి.